ప్రకృతి ప్రాసెస్ డయాగ్రమ్‌కి పాసివ్ వాయిస్ తప్పనిసరా?

మళ్లీ రాస్తున్నా:
విదేశీ చదువుల కోసం రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రెండోసారి రాయబోతున్నాను. రైటింగ్ టాస్క్ 1లో ప్రాసెస్ డయాగ్రమ్ (ఏదైనా దశలవారీగా ఎలా జరుగుతుందో చూపే బొమ్మ) వస్తే కళ్లు మూసుకుని పాసివ్‌లో (‘చేయబడింది’ తరహాలో) రాసేయమని కోచింగ్‌లో చెప్పారు. నిన్న నీటి చక్రం బొమ్మకి అలాగే రాశాను: ‘వాటర్ ఈజ్ ఎవాపరేటెడ్, క్లౌడ్స్ ఆర్ ఫార్మ్‌డ్, రెయిన్ ఈజ్ ఫాలెన్.’ దిద్దిన స్నేహితురాలు మూడోది తప్పని కొట్టేసింది, మొదటి రెండూ యాక్టివ్‌లోకి మార్చింది. ఇప్పుడు ఎవరి మాట వినాలి?

నిదానం:
కోచింగ్‌లో చెప్పింది మరీ కొట్టిపారేయకండి. టాస్క్ 1కి మన చేతిలో ఉండేది 20 నిమిషాలు, కనీసం 150 పదాలు రాయాలి. ఆ టెన్షన్‌లో ఒక సూత్రం పట్టుకుని వెళ్లడం మంచిదే. ఇటుకల తయారీ లాంటి బొమ్మలకి అది బాగా పనికొస్తుంది. ప్రకృతి బొమ్మల్లోనూ పాసివ్ వస్తుంది కదా: గుడ్లు ‘ఆర్ లెయిడ్’, పుప్పొడి ‘ఈజ్ క్యారీడ్ బై బీస్’. నేను దీంతోనే గట్టెక్కాను.

తెలుగులోంచి ఇంగ్లిష్:
నిదానం గారూ, మీ ఉదాహరణలు రెండూ సరైనవే. కానీ అవి సరైనవి కావడానికి కారణం ప్రాసెస్ డయాగ్రమ్ కావడం కాదు. గుడ్లు పెట్టే జీవి ఒకటి ఉంది, పుప్పొడిని మోసే తేనెటీగ ఉంది. చేసేవాళ్లు వేరు, చేయించుకునేది వేరు. ఇటుకల బొమ్మలో ప్రతి దశలోనూ అలాగే ఉంటుంది, అందుకే అక్కడ పాసివ్ కుదురుతుంది. వాన విషయంలో ఎవరున్నారు? వాన తనంతట తానే పడుతుంది.

ఈ తేడా తెలుగు వాళ్లకి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మన క్రియల్లోనే ఉంది. మంచు కరుగుతుంది, ఇనుమును కరిగిస్తారు. మొక్క పెరుగుతుంది, మొక్కను పెంచుతారు. నీళ్లు మరుగుతాయి, నీళ్లను మరిగిస్తారు. వాక్యం రాసే ముందు మనసులో తెలుగులో అనుకోండి. ‘కరుగు’ వైపు వస్తే ఇంగ్లిష్‌లో యాక్టివ్. ‘కరిగించు’ వైపు వస్తే, చేసేవాళ్ల పేరు అవసరం లేకపోతే పాసివ్. ఇంగ్లిష్‌లో రెండిటికీ ‘మెల్ట్’ అనే ఒకే మాట ఉండటం వల్ల మనకి ఈ గందరగోళం వస్తోంది.

‘మళ్లీ రాస్తున్నా’ గారూ, మీ మూడు వాక్యాలూ ఒకే రకం తప్పు కాదు. ‘క్లౌడ్స్ ఆర్ ఫార్మ్‌డ్’ తప్పే కాదు, ‘క్లౌడ్స్ ఫార్మ్’ కూడా సరైనదే. ‘ఈజ్ ఎవాపరేటెడ్’ కూడా, సూర్యుడి వేడి వల్ల అని చెబుతుంటే నిలబడుతుంది. ‘రెయిన్ ఈజ్ ఫాలెన్’ మాత్రం ఏ సందర్భంలోనూ నిలబడదు. ‘ఈజ్ అకర్డ్’, ‘ఈజ్ హాపెన్డ్’ కూడా అంతే. ఫాల్, రైజ్, అకర్, ఎమర్జ్: ఈ నాలుగిటికీ మామూలుగా పాసివ్ రూపం లేదు.

ప్రశ్నకు ప్రశ్న:
తెలుగు పరీక్ష బాగుంది కానీ అన్నిచోట్లా నమ్మొద్దండి. ‘హ్యాచ్’ తీసుకోండి. మనం తల్లి గుడ్లను పొదుగుతుంది అంటాం. ఆ అలవాటుతో నేను కప్ప జీవిత చక్రానికి ‘ఎగ్స్ ఆర్ హ్యాచ్డ్ బై ద ఫ్రాగ్’ అని రాశాను. బొమ్మలో తల్లి కప్ప గుడ్ల మీద కూర్చునే లేదు! బాణం నేరుగా గుడ్ల నుంచి తోకకప్పల వైపు ఉంది. ‘ద ఎగ్స్ హ్యాచ్’ అంటే సరిపోయేది.

తెలుగులోంచి ఇంగ్లిష్:
ఒప్పుకుంటాను. అందుకే ముందు బాణం ఎక్కడ మొదలైందో చూడాలి, తర్వాతే క్రియ. అదే బొమ్మలో మొప్పల స్థానంలో ఊపిరితిత్తులు వచ్చినట్టు చూపిస్తే ‘గిల్స్ ఆర్ రీప్లేస్డ్ బై లంగ్స్’ అని పాసివ్ చక్కగా కుదురుతుంది. వెనక కాళ్లు ‘అపియర్’, తోక ‘ష్రింక్స్’: ఇవి యాక్టివ్. ఒకే పేరాలో రెండూ కలుస్తాయి, కలవాలి కూడా.

నిదానం:
సరే, ‘ఎప్పుడూ పాసివ్’ అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గ్రామర్ రైటింగ్ మార్కుల్లో నాలుగో వంతే. మీరందరూ దాని దగ్గరే ఆగిపోయారు. ఓవర్‌వ్యూ, అంటే బొమ్మ మొత్తం సారాంశం, స్పష్టంగా లేకపోతే టాస్క్ అచీవ్‌మెంట్‌లో (అడిగినది ఎంత బాగా చెప్పామో చూసే మార్కుల్లో) బ్యాండ్ 7 రాదు. ప్రక్రియ చక్రమా, ఒక చోట మొదలై ఇంకో చోట ముగిసేదా, ప్రధాన దశలు ఎన్ని, ఎక్కడెక్కడ జరుగుతాయి: రెండు వాక్యాల్లో ఇది చెప్పకుండా బాణాల వెంట నడుచుకుంటూ పోతే యాక్టివ్ రాసినా పాసివ్ రాసినా నష్టమే.

ప్రశ్నకు ప్రశ్న:
ఇంకొకటి. బొమ్మలో లేనిది రాయకండి. తోకకప్పలో హార్మోన్ల మార్పు గురించి మనకి తెలిసినా, బొమ్మ చూపించకపోతే అది మన వ్యాసంలోకి రాకూడదు. సైన్స్ చదివినవాళ్లు ఇక్కడే జారతారు, నాతో సహా.

మళ్లీ రాస్తున్నా:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. ‘వాటర్ ఎవాపరేట్స్ ఫ్రమ్ ద ఓషన్, ద వేపర్ రైజెస్, కూల్స్ అండ్ కండెన్సెస్ ఇంటు క్లౌడ్స్, విచ్ ఆర్ క్యారీడ్ ఇన్‌లాండ్ బై ద విండ్.’ మేఘాలను గాలి తీసుకెళ్తోంది కాబట్టి అక్కడ ఒక్కచోటే పాసివ్ పెట్టాను. ఒక సందేహం మిగిలింది. చక్రానికి మొదలు ఉండదు కదా, సముద్రం దగ్గరే ఎందుకు మొదలుపెట్టాలి? చివర్లో ‘ఫైనల్లీ’ రాయొచ్చా?

తెలుగులోంచి ఇంగ్లిష్:
వాక్యం బాగుంది, ‘ఇన్‌లాండ్’ అన్న మాట చూసి సంతోషమేసింది. సముద్రం దగ్గరే అన్న నియమం లేదు. బొమ్మలో అంకెలు ఉంటే 1 దగ్గర మొదలుపెట్టండి, లేకపోతే ఒక దశ ఎంచుకుని ‘బిగిన్స్’ బదులు ‘కెన్ బి సెడ్ టు బిగిన్’ అనండి. నదుల నీరు తిరిగి సముద్రంలో కలిసే చోట ‘ఫైనల్లీ’ వద్దు, అక్కడ ఏదీ అయిపోవడం లేదు. ‘ద సైకిల్ దెన్ బిగిన్స్ అగైన్’ చాలు. భూమిలోకి ఇంకే నీటి దశ మీ బొమ్మలో ఉందా? ఉంటే ఆ వాక్యం కూడా రాసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.