ఇంగ్లండులో సొంత భూమి ఉన్న రైతు తన ఆస్తిని పిల్లలకు ఎలా పంచేవాడు?

ప్రశ్న: రేగడిచేను (జమ్మలమడుగు)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారి కాలంలో ఒకే కమతంగా ఉన్న 18 ఎకరాల నల్లరేగడి మా నాన్నగారి తరంలో ముగ్గురికి, మా తరంలో ఏడుగురికి చీలిపోయింది. నేల మంచిచెడ్డల్లో ఎవరికీ అన్యాయం జరగకూడదని పెద్దమనుషులు వంక పక్కనున్న చేనును, మెరక చేనును విడివిడిగా కొలిచి చీటీలు వేయించారు. అందువల్ల నా వంతుకు వచ్చిన రెండున్నర ఎకరాలు మూడు చోట్ల ఉన్నాయి, ట్రాక్టరు ఒక చోటి నుంచి మరో చోటికి పోవాలంటే దాయాదుల శనగ పైరు పక్కనుంచి బతిమాలుకుని పోవాలి.

ఈ మాట వచ్చినప్పుడల్లా మా ఊళ్లో చదువుకున్నవారు "ఇంగ్లండులో భూమంతా పెద్దకొడుక్కే పోతుంది, అందుకే వాళ్ల కమతాలు నిలబడ్డాయి" అంటూ ఉంటారు. అక్కడి ప్రభువుల ఎస్టేట్ల సంగతి నేను అడగడం లేదు. యాభయ్యో వందో ఎకరాలు సొంతంగా ఉండి, తానే సేద్యం చేయించుకుంటూ, నలుగురైదుగురు పిల్లలున్న రైతు తన తదనంతరం ఆస్తి ఎలా చెందాలని ఏర్పాటు చేసేవాడు? చిన్నకొడుకులు, ఆడపిల్లలు, భార్య ఏమయ్యేవారు? తెలిసినవారు వివరంగా రాయగలరు.

జవాబు: పాతకాగితం (అనంతపురం)

రేగడిచేను గారూ, మీ ఊరివారు చెప్పింది చట్టం వరకు నిజమే. అయితే ఆ చట్టం వీలునామా రాయకుండా చనిపోయినవాడి భూమికి మాత్రమే వర్తించేది. ఎనిమిదో హెన్రీ కాలంలో 1540లో వచ్చిన వీలునామాల చట్టంతో మామూలు రైతు తన సొంత భూమిని ఇష్టమైనవారికి రాసుకునే హక్కు పొందాడు. సైనిక సేవ షరతు మీద పొందిన భూముల్లో మూడో వంతుపై మిగిలిపోయిన ఆంక్ష కూడా 1660లో తొలగిపోయింది. కాబట్టి యోమన్ అని పిలిచే ఆ సొంతదారు రైతు తలచుకుంటే భూమిని ఐదు ముక్కలు చేయగలడు. చాలామంది చేయలేదు. భూమిని చీల్చకుండా ఒకరికి, సాధారణంగా పెద్దకొడుక్కి, రాసి, మిగిలిన పిల్లల వాటాలను డబ్బుగా లెక్కగట్టి ఆ డబ్బును ఆ భూమి మీదే భారంగా మోపేవారు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. 80 ఎకరాల రైతుకు ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఇల్లు, భూమి పెద్దవాడికి. చిన్నవాళ్లిద్దరికీ తలా 40 పౌన్లు, కూతుళ్లకు తలా 30 పౌన్లు, 21 ఏళ్లు నిండిన నాడు గాని పెళ్లినాడు గాని పెద్దవాడే చెల్లించాలి. అంటే తండ్రి పోయిన మరునాటికి పెద్దకొడుకు 80 ఎకరాలతో పాటు 140 పౌన్ల బాకీకి కూడా వారసుడు. గడువులోగా ఇవ్వకపోతే తోబుట్టువులు ఆ భూమిలోకి ప్రవేశించి పశువులను, ధాన్యాన్ని జప్తు చేసుకోవచ్చని చాలామంది వీలునామాలోనే రాసి పెట్టేవారు. పంటలు పోయిన రెండు మూడేళ్లు వరుసగా వస్తే అతడు తాకట్టుకు పోవలసిందే, ఆ తాకట్టు పెరిగి చివరికి భూమి అమ్ముకోవలసి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. అతడిని అదృష్టవంతుడని అనడానికి నాకు నోరు రాదు.

కొందరు పిల్లలకు తండ్రి బతికి ఉండగానే వాటా ముట్టేది. ఒకడిని పట్నంలో పనినేర్పే యజమాని దగ్గర చేర్చి రుసుము కట్టేవాడు, మరొకడికి కౌలు భూమి ఏర్పాటు చేసేవాడు. అలాంటివారికి వీలునామాలో ఒక్క షిల్లింగు రాసి ఊరుకోవడం కనిపిస్తుంది. దాన్ని చూసి తండ్రికి కోపమేమోనని తొందరపడకూడదు, మన భాగపరిష్కార పత్రంలో "నా భాగం నాకు ముట్టినది" అని రాయించుకున్నట్లే అనేకచోట్ల దాని అర్థం.

చరాస్తి దారి వేరు. చనిపోయిన కొద్ది రోజులకే ఇరుగుపొరుగు రైతులు ఇద్దరు ముగ్గురు వచ్చి, గది గది తిరిగి, మంచం, ఈకల పరుపు, ఇత్తడి పాత్రలు, కళ్లంలోని ధాన్యం, చేలో ఇంకా కోయని గోధుమ పైరు వరకు వెలకట్టి జాబితా రాసేవారు. ఆ జాబితా, వీలునామా రెండూ మతాధికారుల కోర్టుకు వెళ్లేవి. 1858లో ఆ పని ప్రభుత్వ కోర్టుకు మారింది. వీలునామా లేకపోతే 1670 నాటి చట్టం ప్రకారం చరాస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా వచ్చేవి. పెద్దకొడుకు పెత్తనమంతా భూమి దగ్గరేనన్నమాట.

ఇంకొకటి, దేశమంతా ఒకే ఆచారం లేదు. కెంట్ ప్రాంతంలో వీలునామా లేని భూమి కొడుకులందరికీ సమానంగా చెందేది, కొన్ని ఊళ్లలో కడగొట్టువాడికే చెందేది. ఈ ఆచారాలు, పెద్దకొడుకు హక్కు, అన్నీ కలిసి 1925 నాటి చట్టాలతో ముగిశాయి. మన దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న మన్రో రైతు పేరనే నేరుగా పన్ను కట్టే పద్ధతిని నిలబెట్టాడు గాని, ఇంగ్లీషు వారసత్వాన్ని మన మీద రుద్దలేదు. పంపకాలు హిందూ ధర్మశాస్త్రం ప్రకారమే సాగాయి.

జవాబు: తుంగభద్ర (ఆదోని)

పాతకాగితం గారు భార్య సంగతి తొందరగా దాటేశారు. అక్కడి పాత చట్టం ప్రకారం భర్త భూమిలో మూడో వంతు ఆదాయం ఆమెకు జీవితాంతం చెందాలి. దానికి బదులుగా, లేదా దానితో పాటు, రైతు తన వీలునామాలో ఆమె బతుకును గజం గజం కొలిచి రాసేవాడు: వంటింటి మీది గది, పొయ్యి దగ్గరికి వచ్చిపోయే స్వేచ్ఛ, ఏడాదికి ఇన్ని బుషెళ్ల (అక్కడి ధాన్యపు కొలత) గోధుమలు, ఒక ఆవుకు మేపు, కట్టెలు, తోటలో కొన్ని యాపిల్ పళ్లు. "విధవగా ఉన్నంతకాలం" అన్న షరతు తరచుగా ఉండేది, మళ్లీ పెళ్లి చేసుకుంటే గది ఖాళీ చేయాలి. పొయ్యి దగ్గర కూర్చోవడానికి కూడా రాతకోతలు కావలసి వచ్చాయంటే కోడళ్లతో కాపురం ఎలా ఉంటుందని ఆ రైతు భయపడ్డాడో ఊహించుకోవచ్చు.

కొడుకులు లేకపోతే భూమి కూతుళ్లందరికీ సమానంగా వచ్చేది. కొడుకులుంటే కూతురికి డబ్బే వాటా, అది కూడా పెళ్లయ్యాక భర్త చేతికే పోయేది. 1882 చట్టం వచ్చేదాకా పెళ్లయిన స్త్రీకి తన సొమ్ము మీద పూర్తి హక్కు లేదు. ఆ విషయంలో మన స్త్రీధనం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను కొంత మేలని నా అభిప్రాయం.

రేగడిచేను (జమ్మలమడుగు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం. ఇప్పుడు కూడా అక్కడి రైతు భూమంతా ఒకరికే రాయవచ్చునా? మా కుటుంబంలో ఆ దారి పట్టడానికి ఇక్కడ వీలుందా?

జవాబు: నల్లకోటు (ప్రొద్దుటూరు)

రాయవచ్చు. అయితే 1938 నుంచి, 1975 చట్టంతో మరింత విస్తృతంగా, భార్యాపిల్లలకు తగిన పోషణ ఏర్పాటు లేకపోతే కోర్టు జోక్యం చేసుకుంటుంది. అంతకంటే ఆసక్తికరమైనది "ఈ పొలం నీదేరా" అని చెప్పి చాకిరీ చేయించుకున్న రైతుల వ్యవహారం. సోమర్సెట్‌లో ఒక రైతు బంధువుల కుర్రవాడి చేత దాదాపు 30 ఏళ్లు జీతం లేకుండా పని చేయించుకుని వీలునామా లేకుండా పోయాడు. స్పష్టమైన మాట ఏదీ ఇవ్వలేదు. 1990లో తన జీవిత బీమా కాగితం ఒకటి చేతికిచ్చి, "నేను పోయాక కట్టవలసిన పన్నుకు ఇది" అన్నాడంతే. ఆ సైగే చాలునని 2009లో, అప్పటికి అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ పొలాన్ని ఆ బంధువుకే ఇచ్చింది. 2022లో గ్లోస్టర్‌షైర్ కేసులో 30 ఏళ్లకు పైగా పనిచేసిన కొడుకు విషయంలో అక్కడి సుప్రీంకోర్టు తల్లిదండ్రుల ముందు రెండు దారులు పెట్టింది: పొలాన్ని ట్రస్టులో పెట్టి తమ తదనంతరం వాటా చెందేలా చేయడం, లేదా ముందుగా ఇస్తున్నందుకు కొంత తగ్గించి ఇప్పుడే డబ్బు చెల్లించడం.

ఇక మీ సంగతి. తండ్రి స్వార్జితాన్ని, ఉమ్మడి ఆస్తిలో తన వాటాను ఎవరికైనా రాయవచ్చు, పిత్రార్జితం మొత్తాన్ని ఒకరికే రాయలేడు. ఇప్పటికే పంచుకున్న మీరు చేయగలిగింది మారకం దస్తావేజు: మీ మూడు ముక్కల్లో దాయాదులకు దగ్గరగా ఉన్నవి వారికిచ్చి, వారి ముక్క మీరు తీసుకుని, విలువలో తేడా ఉంటే డబ్బుతో సరిపెట్టుకుని రిజిస్టరు చేయించుకోండి. చేను ఒకే చోటికి వచ్చినా బండి బాట హక్కును దస్తావేజులో విడిగా రాయించడం మరవకండి.

తుంగభద్ర (ఆదోని)

దస్తావేజు రాసేముందు ఒకటి చూసుకోండి. మీరు చెప్పిన ఏడుగురిలో అక్కచెల్లెళ్లు ఉన్నారా? హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఉంది, తండ్రి అప్పటికి బతికి ఉండనక్కరలేదని 2020లో మన సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన భాగపరిష్కారమో, కోర్టు డిక్రీయో ఉంటే సరే. చీటీలు వేసి నోటిమాటగా పంచుకున్నదే మీ ఆధారమైతే, వారి సంతకాలు లేని మారకానికి రేపు వ్యాజ్యం తప్పకపోవచ్చు.