కౌంటర్ నుంచి మేనేజర్ దాకా, మధ్యలో బడిలో డబ్బు పాఠం: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న:
బ్యాంకు బ్రాంచిలో కౌంటర్ చూస్తున్నాను. మేనేజర్ కావాలంటే మధ్యలో ఏ సీటు తప్పనిసరి? తొమ్మిది, పది తరగతుల పిల్లలకు డబ్బు సంగతులు చెప్పాలని కూడా గట్టిగా ఉంది. మొదటి క్లాసు ఎలా నడపాలి, ఎక్కడ బెడిసికొడుతుంది?

జవాబు 1:
లోన్ల సీటు వదులుకోకండి. కౌంటర్‌లో నగదు సరిపెట్టడం, కేవైసీ, సంతకం పోల్చడం వస్తాయి. బ్రాంచిని నిలబెట్టేదీ ముంచేదీ మాత్రం అప్పులే. దరఖాస్తుదారు ఆదాయంలో పాత, కొత్త వాయిదాలు కలిపి ఎంత పోతుంది, ఆ ఆదాయం నిలకడగా వస్తోందా, మొదటి వాయిదా తప్పిన వారంలోనే ఫోన్ వెళ్లిందా అన్నవి చూసే అలవాటు లేకపోతే, మేనేజర్ అయ్యాక ఇంకొకరు రాసిన లోన్ సిఫారసు నోట్ మీద సంతకం పెట్టడమే మిగులుతుంది. ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాసే పని కూడా అడిగి తీసుకోండి.

జవాబు 2:
క్లాసు సంగతి చెబుతానండీ. 40 నిమిషాలుంటే మీరు మాట్లాడేది 10 మించకూడదు. ఐదుగురికో గ్రూపు, గ్రూపుకు 20 గింజలు, అవే ఇంటి నెల ఆదాయం అనుకోమనండి. కాగితం మీద అద్దె, తిండి, ప్రయాణం, చదువు, ఫోన్, పొదుపు అని గళ్లు గీసి సర్దమనండి. సర్దాక "ఇంట్లో ఒకరికి పని పోయింది" అని 7 గింజలు వెనక్కి తీసుకోండి. చాలా గ్రూపులు ముందు పొదుపు గడినే ఖాళీ చేస్తాయి. తప్పని దిద్దకండి, ఎందుకు తీశారో చెప్పనివ్వండి. అసలు పాఠం ఆ వాదనలోనే ఉంది.

రెండో క్లాసుకు క్రెడిట్ కార్డు. 10,000 బాకీ, నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు బాకీలో 5 శాతం, కొత్త కొనుగోళ్లు లేవు. మొదటి నెల కట్టిన 500లో 300 వడ్డీకే పోతుంది. పన్నెండు నెలలూ పిల్లల చేతే లెక్క కట్టించండి. ఏడాదిలో సుమారు 5,382 కట్టినా ఇంకా 7,847 బాకీ ఉంటుంది. ఈ అంకె వాళ్లే తేల్చాలి, బోర్డు మీద మీరు రాసేస్తే ఒక్కరికీ గుర్తుండదు.

జవాబు 3:
పై రెండూ సరే, అనుమతులు మరవకండి. బ్యాంకు నుంచీ బడి నుంచీ రాతపూర్వకంగా తీసుకోండి. టీచర్ క్లాసులోనే ఉండాలి. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోవద్దు, ఇంటి ఆదాయం అడగొద్దు, ఖాతా ఫారాలు అసలు తేవొద్దు. టార్గెట్ కోసం వచ్చారన్న అనుమానం ఒక్కసారి పడితే ఆ బడి తలుపు మళ్లీ తెరుచుకోదు. త్రైమాసికం చివరి రెండు వారాల్లో క్లాసు ఒప్పుకోకండి, బ్రాంచి వదలదు.

పిల్లలకు ఎంత అర్థమైందో తెలుసుకునే ప్రశ్నలకు 'పీసా' నమూనాలు చూడండి. 2012 నుంచి 15 ఏళ్ల పిల్లల ఆర్థిక అవగాహనను కొలుస్తున్న పరీక్ష అది. బిల్లు, జీతం చీటీ చదివించే ప్రశ్నలున్నాయి. నెల తర్వాత అదే ప్రశ్న వేరే అంకెలతో ఇస్తే ఎంత నిలిచిందో తెలుస్తుంది. అప్రైజల్‌లో (బ్యాంకు మీ పనితీరును అంచనా వేసే నివేదికలో) ఆ రెండుసార్లూ వచ్చిన మార్కుల మధ్య తేడా రాయండి, క్లాసుల సంఖ్య కాదు.