ఒక్క అక్షరం వంకరపోతే పేజీ చింపేస్తోంది

కొత్తపలక:
పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. నాలుగు గీతల కాపీలో అక్షరం కాస్త గీత దాటినా రబ్బరు తీస్తుంది. నాలుగైదుసార్లు రుద్దేసరికి కాగితానికి చిల్లు. ఇక పేజీ చింపేసి "నాకు రాదు" అని ఏడుపు. "పర్లేదులే, బాగుంది" అంటే ఇంకా కోపం. రబ్బరు దాచేయమంటారా?

బడిపంతులు:
దాచకండి. వేలు తడిచేసుకుని రుద్దుతారు, కాగితం ఇంకా పాడవుతుంది. పలక కూడా ఇప్పుడు వద్దు. అదే మంచిదనుకుంటారు గానీ, పలకమీద తప్పు ఆనవాలు లేకుండా పోతుంది. కాగితం మీదా అలాగే పోవాలని చూస్తారు.

రోజూ పది నిమిషాలు క్రేయాన్‌తోనో స్కెచ్ పెన్నుతోనో పాత క్యాలెండర్ వెనకవైపు పెద్దగా రాయించండి. ఒకే అక్షరం, అయిదుసార్లు. మీరు దిద్దొద్దు. "ఇందులో నీకు నచ్చిందేది?" అని అడిగి, దాని చుట్టూ తననే సున్నా చుట్టమనండి. 'మ' అయితే కొమ్ము పైదాకా వచ్చిందా, తలకట్టు పెట్టిందా, అంతవరకే మాట్లాడండి.

కాపీలో మాత్రం పేజీకి మూడు చింతపిక్కలు. తుడిచినప్పుడల్లా ఒకటి గిన్నెలో వేయాలి. అవి అయిపోతే తప్పు మీద ఒక్క అడ్డగీత, పక్కన మళ్లీ రాయడం. వారం తర్వాత రెండు పిక్కలు. మిగిలిన పిక్కలకు బహుమతి పెట్టకండి, తుడవకపోవడంలోనూ ఫస్టు రావాలని కూర్చుంటుంది! ఈ అడ్డగీత సంగతి క్లాసు టీచరుకు ముందే చెప్పండి. అక్కడ దానిమీద ఎర్ర ఇంకు పడిందా, మీ వారం శ్రమా పోయినట్టే.

ఓటీ_గది:
పేజీ తిప్పి వెనకవైపు వేలితో తడిమి చూడండి. అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలితే పెన్సిల్ గట్టిగా నొక్కుతోందన్నమాట. అలా పడ్డ గాడి ఎంత తుడిచినా పోదు. పాత అక్షరం కనిపిస్తూనే ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ రుద్దుతుంది. హెచ్‌బీ బదులు 2బీ పెన్సిల్ ఇవ్వండి, తేలిగ్గా ఆనించినా నల్లగా పడుతుంది. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, అందకపోతే పీట వేయండి. ఓసారి కంటి పరీక్ష కూడా చేయించండి. చెయ్యి నొప్పి అంటున్నా, అక్షరం అక్షరానికీ ఆగుతున్నా అది పట్టుదల కాకపోవచ్చు, రాయడమే కష్టంగా ఉండొచ్చు.

నెమ్మది:
"పర్లేదులే" అంటే మీరు సరిగ్గా చూడలేదని తనకు అనిపిస్తుంది. "నువ్వు అనుకున్నట్టు రాలేదు, కోపమొచ్చింది కదూ" అని ఊరుకోండి. ఏడుపు తగ్గేదాకా సలహాలొద్దు, ఆ సమయంలో చెవికెక్కవు.

"మా పాప తెలివైంది" కూడా తగ్గించండి. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, తెలివికి మెచ్చుకోలు పొందినవాళ్లే కష్టమైన పజిళ్లు తప్పాక త్వరగా డీలాపడ్డారు. ప్రయత్నాన్ని మెచ్చుకున్నవాళ్లు నిలబడ్డారు.

మీ తప్పులు తనకు వినబడనివ్వండి. చారులో ఉప్పెక్కువైతే "అయ్యో, రెండుసార్లు వేసినట్టున్నా. కాసిని నీళ్లు పోస్తా." అంతే. కావాలని తప్పు చేసి నటించకండి, ఆరేళ్లవాళ్లు ఇట్టే పసిగడతారు.

బడికి వెళ్లే ముందు తరచూ కడుపునొప్పి అంటున్నా, రాతలోనే కాక చెప్పులు, బట్టలు, అన్నం పళ్లెం అన్నీ ఒక పద్ధతిలో లేకపోతే కుదురుగా ఉండలేకపోతున్నా, పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

కొత్తపలక:
వెనకవైపు నిజంగానే ఉబ్బెత్తుగా తగులుతోంది, 2బీ తెస్తాను. పిక్కలన్నీ అయిపోయాక ఇంకోటి కావాలని ఏడిస్తే?

బడిపంతులు:
ఇవ్వకండి, ఏడిస్తే నాలుగోది వస్తుందని తెలిసిపోతుంది. అడ్డగీత గీయనంటే ఆ రోజుకి కాపీ మూసేయండి, సగం పేజీ అయినా సరే. "పది నిమిషాలు రాసింది" అని డైరీలో మీరే సంతకం పెట్టండి.