ఎల్‌ఎంసీ ఎక్స్-3: డిస్క్‌బీబీ నార్మ్ నుంచి లెక్కేస్తే స్పిన్ 0.9 ఎందుకు వస్తోంది?

ధ్రువతార_88 (ప్రశ్న):
ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్ (ఎస్‌ఎక్స్‌టీ) డేటాలో ఎల్‌ఎంసీ ఎక్స్-3 చూస్తున్నాను. ఇది పెద్ద మాగెల్లానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలో, జంట నక్షత్రం నుంచి వాయువు లాక్కునే బ్లాక్ హోల్; ఆ వాయువు దాని చుట్టూ డిస్క్‌లా తిరుగుతుంది. సోర్స్ సాఫ్ట్ స్టేట్‌లో (ఎక్స్-కిరణాల్లో ఎక్కువ భాగం వేడి డిస్క్ నుంచే వచ్చే దశలో) ఉంది. 15 ఆర్క్‌మినిట్ల వ్యాసార్థం ఉన్న వృత్తం, దానికి తగ్గ ఏఆర్‌ఎఫ్ (టెలిస్కోప్ ఎంత వెలుగు పట్టుకుంటుందో చెప్పే ఫైల్), 0.5 నుంచి 7 కేఈవీ (ఎక్స్-కిరణాల శక్తి యూనిట్) వరకు టీబీయాబ్స్ (దారిలోని వాయువు శోషణ మోడల్)తో డిస్క్‌బీబీ (వేడి డిస్క్ మోడల్) వేశాను. దాని నార్మ్ (వెలుగు పరిమాణం చెప్పే గుణకం, ఇందులోంచే వ్యాసార్థం వస్తుంది) 25 వచ్చింది. దూరం 50 కిలోపార్సెక్‌లు. 25 వర్గమూలం 5ని మళ్ళీ 5తో (దూరం, 10 కిలోపార్సెక్‌ల లెక్కన) గుణిస్తే డిస్క్ లోపలి అంచు 25 కి.మీ. బ్లాక్ హోల్ ద్రవ్యరాశి సూర్యుడికి 7 రెట్లు, అంటే గురుత్వ వ్యాసార్థం (ద్రవ్యరాశిని బట్టి వచ్చే పొడవు కొలత) 10.3 కి.మీ. అంచు 2.4 గురుత్వ వ్యాసార్థాల దగ్గర ఉన్నట్టు తేలుతోంది, అంచు ఎంత లోపలికి ఉంటే స్పిన్ (బ్లాక్ హోల్ తిరిగే వేగం, గరిష్ఠం 1) అంత ఎక్కువ కాబట్టి అది 0.9 దాకా పోతోంది. పేపర్లలో మాత్రం 0.25 దగ్గర ఉంది. పైగా 1.8, 2.2 కేఈవీల దగ్గర రెసిడ్యువల్స్ (డేటాకు, మోడల్‌కు మధ్య తేడాలు) తగ్గడం లేదు. పొరపాటు ఎక్కడండీ?

మృగశిర:
లెక్కలో రెండు మెట్లు తప్పిపోయాయి. నార్మ్ అంటే వ్యాసార్థ వర్గం ఒక్కటే కాదు, అందులో వంపు కోణపు కొసైన్ కూడా కలిసి ఉంటుంది. ఈ డిస్క్ మనకు 69 డిగ్రీల వాలులో, దాదాపు అంచు వైపు నుంచి కనిపిస్తుంది. కొసైన్ 0.358. కాబట్టి 25ని ముందు 0.358తో భాగించాలి: 69.8. దాని వర్గమూలం 8.36, దూరం కోసం 5తో గుణిస్తే 41.8 కి.మీ.

రెండోది కలర్ కరెక్షన్. డిస్క్ పైపొరలో ఎలక్ట్రాన్లు ఫోటాన్లను చెదరగొడుతుంటాయి. మనకు చేరే వెలుగు ఇంకా లోపలి, ఇంకా వేడి పొర నుంచి వస్తుంది. అందుకని స్పెక్ట్రమ్ అసలు ఉష్ణోగ్రతకు సుమారు 1.7 రెట్ల వేడిగా కనిపిస్తుంది, ఆ మేరకు వ్యాసార్థం చిన్నదిగా తేలుతుంది. 1.7 వర్గం 2.89తో గుణించాలి. అయితే డిస్క్ అత్యంత వేడిగా ఉండేది సరిగ్గా అంచున కాదు, కాస్త బయట. దానికి 0.412తో గుణిస్తాం. రెండూ కలిపి 1.19. ఇప్పుడు వ్యాసార్థం 49.7 కి.మీ., అంటే 4.8 గురుత్వ వ్యాసార్థాలు. స్పిన్ 0.35 చుట్టుపక్కలకు దిగుతుంది.

పాలవెల్లి:
రెసిడ్యువల్స్ సంగతి చెబుతాను. 1.8 దగ్గరది డిటెక్టర్‌లోని సిలికాన్ ఎడ్జ్, 2.2 దగ్గరది అద్దాల బంగారు పూతది. ఆ రెండూ సోర్స్‌వి కావు. అక్కడ గాసియన్ లైన్లు అతికించకండి. ఎక్స్‌స్పెక్ (స్పెక్ట్రమ్ ఫిట్ చేసే ప్రోగ్రామ్)లో గెయిన్ ఫిట్ (డిటెక్టర్ ఎనర్జీ కొలతను సరిదిద్దే ఆదేశం) ఇచ్చి, స్లోప్‌ను 1 దగ్గర ఫ్రీజ్ చేసి (కదలకుండా కట్టేసి), ఆఫ్‌సెట్‌ను మారేలా వదలండి. 0.02 నుంచి 0.04 కేఈవీ మధ్య నిలబడటం మామూలే. అక్కడా దిగకపోతే 3 శాతం సిస్టమాటిక్ ఎర్రర్ (పరికరపు దోషం) కలపండి. కౌంట్లను 25కి తగ్గకుండా గ్రూప్ చేశారో లేదో కూడా చూసుకోండి.

టీబీయాబ్స్‌లో హైడ్రోజన్ సాంద్రత (సోర్స్ నుంచి మన దాకా దారిలో ఉన్న మొత్తం) 0.04 దగ్గర ఉండాలి (యూనిట్ చదరపు సెం.మీ.కు 10 ఘాతం 22 పరమాణువులు). అది సున్నాకు జారుతుంటే ముందు గెయిన్‌నే అనుమానించండి.

బ్యాక్‌గ్రౌండ్ తగ్గుతుందని వృత్తాన్ని 5 ఆర్క్‌మినిట్లకు కుదించి, పాత ఏఆర్‌ఎఫ్‌నే వాడే వాళ్ళు చాలామంది. ఎస్‌ఎక్స్‌టీలో ఒక చుక్క వెలుగు చాలా వెడల్పుగా పరుచుకుంటుంది, 5 ఆర్క్‌మినిట్ల లోపల దాదాపు సగమే పడుతుంది. నార్మ్ సగమైతే వ్యాసార్థం 0.7 రెట్లకు పడిపోతుంది, స్పిన్ ఉత్తినే పెరిగిపోతుంది. వృత్తం మారిస్తే ఏఆర్‌ఎఫ్ కూడా మార్చాల్సిందే.

ధ్రువతార_88:
గెయిన్ ఆఫ్‌సెట్ 0.03 దగ్గర ఆగింది, రెండు బుడిపెలూ పోయాయి. నార్మ్ ఇప్పుడు 27. వ్యాసార్థం 51.7 కి.మీ., సరిగ్గా 5 గురుత్వ వ్యాసార్థాలు, స్పిన్ 0.3. దీన్నే రాసుకోవచ్చా?

మృగశిర:
వద్దండీ, ఇది సరిచూసుకోవడానికి పనికొచ్చే అంకె మాత్రమే. వంపు 69 బదులు 66 అనుకుంటే వ్యాసార్థం 6 శాతం తగ్గుతుంది. కలర్ కరెక్షన్ 1.7 బదులు 1.6 తీసుకుంటే 11 శాతం తగ్గి స్పిన్ 0.45 దగ్గరకు వెళ్తుంది.

స్పిన్ కావాలంటే కెర్‌బీబీ (తిరిగే బ్లాక్ హోల్ చుట్టూ ఉన్న డిస్క్ మోడల్) వాడండి. ద్రవ్యరాశి, వంపు, దూరం, కలర్ కరెక్షన్ ఫ్రీజ్ చేసి, స్పిన్, యాక్రీషన్ రేటు (వాయువు లోపలికి పడే రేటు) రెండే వదలండి. నార్మ్‌ను 1 దగ్గర కట్టేయాలి, లేకపోతే మూడూ ఒకదాని లోటు మరొకటి పూడ్చుకుని ఏ స్పిన్‌కైనా ఫిట్ మంచిగానే కుదురుతుంది. ఎల్‌ఏఎక్స్‌పీసీ (ఆస్ట్రోశాట్‌లోనే ఎక్కువ ఎనర్జీలు చూసే పరికరం) డేటా కూడా కలుపుతుంటే, పై ఎనర్జీల వెలుగుకు మామూలు పవర్-లా మోడల్ వద్దు. అది తక్కువ ఎనర్జీల వైపు ఎగబాకి డిస్క్ ఫోటాన్లను లాగేసుకుంటుంది. సింపుల్ అనే కన్వల్యూషన్ మోడల్ (డిస్క్ ఫోటాన్లలోనే కొన్నిటిని పై ఎనర్జీలకు నెట్టేది) వేయండి, దానికి ముందు ఎనర్జీ గ్రిడ్‌ను 0.01 నుంచి 100 కేఈవీ దాకా పొడిగించండి. ప్రకాశం ఎడింగ్టన్ పరిమితి (వెలుగు ఒత్తిడి గురుత్వంతో సరితూగే ప్రకాశం)లో 30 శాతం దాటిన పరిశీలనలను పక్కన పెట్టండి. అక్కడ డిస్క్ ఉబ్బుతుంది, పలుచని డిస్క్ అన్న ఊహ చెల్లదు.

పాలవెల్లి:
ఒక్క పరిశీలనతో ఆగకండి, ఈ సోర్స్ గొప్పదనమే అది. 26 ఏళ్ళలో 8 మిషన్లు తీసిన వందల స్పెక్ట్రాలను కలిపి చూసినా లోపలి అంచు 4 నుంచి 6 శాతంలోపే స్థిరంగా ఉంది. వెలుగు ఎంత మారినా అంచు కదల్లేదంటే అది వాయువు ఇష్టం వచ్చినట్టు ఆగిన చోటు కాదు, గురుత్వం గీసిన గీత. మీ దగ్గర రెండు తేదీల డేటా ఉంటే డిస్క్ మొత్తం ఫ్లక్స్ రెట్టింపైనప్పుడు ఉష్ణోగ్రత 1.19 రెట్లు పెరిగిందో లేదో చూడండి. పెరగకపోతే మళ్ళీ గెయిన్, బ్యాక్‌గ్రౌండ్ దగ్గరికే వెళ్ళాలి.