తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడేనా?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. తల్లి అక్రమంగానో తాత్కాలిక వీసా మీదో ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే, అమెరికాలో పుట్టినా ఆ బిడ్డను పౌరుడిగా గుర్తించవద్దని దాని సారాంశం. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న మన జంటల బిడ్డలూ ఇందులోకి వస్తారు. కింది కోర్టులు దాన్ని ఆపాయి, 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. కోర్టు సంగతి కోర్టుకు వదిలేసి, రాజ్యాంగం ఏమంటోందో, ఏది న్యాయమో మాట్లాడుకుందాం.

నా మాట ముందే చెబుతాను. ఈ హక్కు జోలికి ఎవరూ రాకూడదు. మా పాప టెక్సాస్‌లో పుట్టింది. రెండో రోజు ఆసుపత్రి ఉద్యోగిని ఒక కాగితం పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. బిడ్డ పేరు అడిగింది, మా పేర్లు అడిగింది. నా పుట్టింటి ఇంటిపేరు అక్షరం అక్షరం చెప్పి రాయించాను. మా అమ్మ పురిటికని మచిలీపట్నం నుంచి వచ్చి అక్కడే ఉంది. వచ్చినావిడ ఏదో పెద్ద అధికారి అనుకుని, "వీసా కాగితాలు తీయనా?" అని నన్ను మెల్లగా అడిగింది. అక్కర్లేకపోయింది. పాప ఎక్కడ పుట్టిందన్నదే వాళ్లకు కావలసింది. ఇకముందు ఆ మంచం పక్కన ముందుగా వీసా గురించే అడగాలంటున్నారు.

ప్లానో నాన్న

మీ భయం అర్థమైంది. అయినా నేను ఒప్పుకోలేను. మా అబ్బాయిని రెండేళ్లప్పుడు హైదరాబాద్ నుంచి చంకనేసుకుని వచ్చాం. ఇప్పుడు వాడికి ఇరవై. వాడికి తెలిసిన ఊరు ఇదొక్కటే. వచ్చే ఏడు ఇరవై ఒకటి నిండితే నా వీసా కింద ఉండే వీలు పోతుంది. చదువు వీసాకైనా మారాలి, లేదా వెళ్లిపోవాలి. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల మన గ్రీన్‌కార్డు వరుస కదలనే కదలదు. వాడి చెల్లెలు ఇక్కడ పుట్టింది కాబట్టి పౌరురాలు. ఒకే కంచంలో తిని పెరిగిన పిల్లలు. పర్యాటక వీసా మీద వచ్చి, కాన్పయ్యాక నెల తిరక్కుండా వెళ్లిపోయినవారి బిడ్డ కూడా పౌరుడే. నా కొడుకు కాడు. ఇది ఏ న్యాయం?

ఇంకొకటి. మన దేశమే 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలంది. 2004 డిసెంబరు నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదని కూడా చేర్చింది. అక్కడ ఒప్పుకున్నదాన్ని ఇక్కడ అన్యాయమంటే ఎలా?

పాత వకీలు, విజయవాడ

ప్లానో నాన్న గారూ, మీ అబ్బాయి సంగతి చదివి మనసు కలుక్కుమంది. కానీ భారత్‌తో పోలిక నిలవదు. మన రాజ్యాంగం 11వ అధికరణంలో పౌరసత్వ చట్టం చేసే పనిని పార్లమెంటుకు అప్పగించింది. 1955లో చట్టం చేసిందీ పార్లమెంటే, మార్చిందీ పార్లమెంటే. అమెరికాలో ఈ హక్కు రాజ్యాంగంలోనే ఉంది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతివారు, బానిసత్వం నుంచి విడుదలైనవారైనా సరే, పౌరులు కాలేరని సుప్రీంకోర్టు తేల్చింది. అంతర్యుద్ధం ముగిశాక 1868లో వచ్చిన 14వ సవరణ ఆ తీర్పును తుడిచిపెట్టింది. అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడినవారంతా పౌరులే అంది. రేపు వచ్చే ఏ ప్రభుత్వమూ తనకు గిట్టనివారిని ఏరి పక్కన పెట్టకూడదనే దాన్ని అంత ఎత్తున పెట్టారు. మార్చాలంటే రెండు సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. ఒక సంతకంతో అయ్యే పని కాదు.

పెద్దల కాగితాల మీద పిల్లల పౌరసత్వం ఆధారపడితే ఏమవుతుందో అస్సాంలో చూశాం. అక్కడి కారణాలు వేరు, 1971 నాటికే కుటుంబం ఇక్కడ ఉందని చూపాలన్న గడువు వేరు, నిజమే. కానీ 2019 ఆగస్టు 31న వెలువడిన పౌరుల జాబితాలో (ఎన్‌ఆర్‌సి) 19 లక్షల పైచిలుకు మందికి చోటు దక్కలేదు. తాతగారి పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా మనవడు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

ఎదురుప్రశ్న

"అధికార పరిధికి లోబడి" అన్న మాటను వకీలు గారు ఊరికే దాటేశారు. ఆ మాటకు అర్థం ఉండాలి కదా. 1884లో జాన్ ఎల్క్ అనే ఆదివాసీ అమెరికా గడ్డ మీదే పుట్టినా, తెగలో పుట్టాడు కాబట్టి పౌరుడు కాడని సుప్రీంకోర్టే చెప్పింది. అంటే నేల ఒక్కటే సరిపోదు. చైనీయ తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని చెప్పిన, అందరూ ఎత్తి చూపే 1898 నాటి తీర్పులోనూ, ఆ తల్లిదండ్రులకు అమెరికాలో శాశ్వత నివాసం ఉందని కోర్టు పదే పదే చెప్పింది. తాత్కాలికంగా వచ్చినవారి సంగతి ఆ కేసులో లేనే లేదు. పైగా అందులో విభేదించిన ఇద్దరిలో హార్లాన్ ఒకరు. రెండేళ్ల ముందు ప్లెసీ కేసులో జాతి వేర్పాటుకు ఎదురుగా ఒంటరిగా నిలిచిన న్యాయమూర్తి ఆయన.

పాత వకీలు, విజయవాడ

ఎల్క్ కేసు తెగలకు సంబంధించింది. తెగలను వేరే దేశాల్లా చూసి అమెరికా వాటితో ఒప్పందాలు చేసుకునేది. దౌత్యవేత్తల పిల్లలు, దేశాన్ని ఆక్రమించిన శత్రుసేనల పిల్లలు కూడా మినహాయింపే, ఎందుకంటే వారి మీద ఇక్కడి చట్టం మామూలుగా సాగదు. హెచ్-1బి ఉద్యోగికి అలా ఉందా? జీతంలో పన్ను కోస్తారు. కారు వేగంగా నడిపితే జరిమానా వేస్తారు. నేరం చేస్తే జైలుకు పంపుతారు. ఇంకెలా లోబడాలి?

వ్యాపారానికో సరదాకో వచ్చిన పరదేశి కూడా ఉన్నన్నాళ్లు ఈ దేశానికి తాత్కాలిక విధేయత చూపాల్సినవాడేనని ప్రధాన న్యాయమూర్తి మార్షల్ 1812లోనే చెప్పారు. వాంగ్ తీర్పు రాసిన జస్టిస్ గ్రే ఆ మాటను ఆసరా చేసుకున్నారు. 1866లో సవరణ మీద సెనేట్‌లో చర్చ జరిగినప్పుడు పెన్సిల్వేనియా సభ్యుడు కోవన్ లేచి, చైనీయుల పిల్లలూ పౌరులవుతారా అని నిలదీశారు. కాలిఫోర్నియా సభ్యుడు కానెస్ అవుతారనే బదులిచ్చారు. తెలిసే రాసిన మాట ఇది.

ఇక హార్లాన్ గురించి. ఆయన మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ మీరు చెప్పిన ఆ ప్లెసీ అసమ్మతి తీర్పులోనే చైనీయుల గురించి ఎంత చులకనగా రాశారో చదవండి.

పాత పుస్తకాలు

మనవాళ్ల కథ ఎవరూ ఎత్తలేదు. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అయినా 1923లో అతను "తెల్లవాడు" కాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలను కూడా రద్దు చేయడానికి పూనుకున్నారు. 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. పౌరులు కాలేనివారు పొలం కొనకూడదని కాలిఫోర్నియాలో చట్టం ఉండేది. ఇంపీరియల్ లోయలో మెక్సికన్ స్త్రీలను పెళ్లాడిన పంజాబీ రైతులు అక్కడే పుట్టిన తమ పిల్లల పేర్ల మీద భూమి రాయించుకున్నారు. తండ్రికి చెల్లని గడ్డ మీద ఉయ్యాలలోని పసిబిడ్డకు హక్కు చెల్లింది. 14వ సవరణ లేకపోతే ఆ కుటుంబాలు కూలీలుగానే మిగిలేవి.

ప్లానో నాన్న

థిండ్ సంగతి నాకు తెలియదు. చట్టం వరకు వకీలు గారి వాదనే బలంగా ఉందని ఒప్పుకుంటున్నాను. న్యాయం దగ్గర మాత్రం నా మనసు మారలేదు. ఎక్కడ పుట్టాడన్నదే కాదు, ఎక్కడ పెరిగాడన్నది కూడా లెక్కలోకి రావాలి. పద్దెనిమిదేళ్లు ఇక్కడ పెరిగినవాడు బయటివాడు ఎలా అవుతాడు?

కృష్ణాతీరం

కాడు. మీ అబ్బాయికి దారి చూపకపోవడం అన్యాయమే, నేనూ అంటాను. కానీ దానికి రాజ్యాంగాన్ని తిరగరాయనక్కర్లేదు, కాంగ్రెస్ ఒక చట్టం చేస్తే చాలు. చెల్లెలి హక్కు పోతే అన్నకు ఒరిగేదేమిటో మీరే చెప్పండి. ఇద్దరూ వరుసలో నిలబడతారు, అంతే.

వాంగ్ గురించి ఒక్క సంగతి రాసి ఆపుతాను. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వంటవాడు. 1895లో చైనా నుంచి తిరిగి వస్తే ఓడ దిగనివ్వలేదు. రేవులోనే నెలల తరబడి ఓడల మీద ఉంచారు. మూడేళ్లకు సుప్రీంకోర్టులో గెలిచాడు. ఆ తర్వాత 1901లో, మా టెక్సాస్‌లోనే, ఎల్ పాసోలో ఆయన్ను అక్రమ చైనీయుడని మళ్లీ అరెస్టు చేశారు. ఆ కేసు కొట్టేయడానికి నెలలు పట్టింది. దేశంలో పుట్టినవారిలో దాదాపు అందరికీ పౌరసత్వాన్ని ఖాయం చేసిన తీర్పు ఆయన పేరు మీదే ఉంది. అయినా పుట్టింది ఇక్కడేనని మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ ఉత్తర్వు మా పాపకు వర్తించదు, అది వచ్చేనాటికే తను పుట్టింది. తెలిసి కూడా, ఆ వారమే జనన ధ్రువపత్రం నకళ్లు మరో రెండు తెప్పించాను. ఒకటి బీరువాలో ఉంది, ఒకటి మచిలీపట్నంలో మా అమ్మ దగ్గర ఉంది.