మారిషస్‌లో ఒక రోజు: ప్రైవేటు గైడు టూరు తీసుకోవాలా, అందరితో బస్సెక్కాలా?

గోదారిగట్టు
ఆగస్టులో మారిషస్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ళ పాప, అమ్మా నాన్నా. నాన్నకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు అంతంతమాత్రం. హోటలు పడమటి తీరాన ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో. ఒక రోజంతా దీవి తిప్పి చూపించడానికి హోటలు వాళ్ళు రెండు దారులు చెప్పారు. ఒకటి అందరితో కలిసి బస్సు, తలకింత. రెండోది మాకే ఒక వ్యాను, డ్రైవరే గైడు, పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదింటిదాకా. తమాషా ఏమిటంటే రెండింటి జాబితా ఒకటే! క్యూర్‌పిప్‌లో చెక్క ఓడల కార్ఖానా, త్రూ ఓ సెర్ఫ్ అగ్నిపర్వత బిలం, గంగా తలావ్ అనే పుణ్యక్షేత్రపు చెరువు, బ్లాక్ రివర్ గార్జెస్ లోయల వ్యూపాయింటు, షమరెల్ జలపాతం, ఏడు రంగుల మట్టి, చివర్లో ల మోర్న్ కొండ. అదే చోట్లకు అంత ఎక్కువ ఎందుకు పెట్టాలని నా వాదన. ముసలివాళ్ళతో, పిల్లతో బస్సేమిటని మా ఆవిడ వాదన. మీరేమంటారు?

లెక్కల మాస్టారు
ముందు లెక్క తేల్చుకోండి. బస్సు ధర తలకి, వ్యాను ధర బండికి. ఇద్దరే అయితే బస్సు ఎక్కడో చవక. మీరు ఐదుగురు. పాపకు సగం టిక్కెట్టు అనుకున్నా నాలుగున్నర తలలు. గుణించి చూస్తే తేడా మీరు అనుకున్నంత ఉండదు.

ఇంకోటి. "ప్రవేశ రుసుములు కలిపి" అని గొప్పగా రాస్తారు చూడండి, దానికి మోసపోవద్దు. మీ జాబితాలో త్రూ ఓ సెర్ఫ్‌కు టిక్కెట్టు లేదు. గంగా తలావ్‌కు లేదు. గార్జెస్ వ్యూపాయింటుకు లేదు. ల మోర్న్ బీచ్ పబ్లిక్ బీచే. టిక్కెట్టు కొనాల్సింది షమరెల్‌లోనే, అదీ జలపాతానికీ రంగుల మట్టికీ కలిపి ఒకే గేటు దగ్గర. కాబట్టి టిక్కెట్లు లేకుండా బండికెంతో విడిగా అడగండి.

పటాన్‌చెరు పోరడు
గైడు ఎందుకన్నా, దండుగ. మేం నలుగురు దోస్తులం పోయినం, కారు కిరాయికి తీస్కున్నం. మన లెక్కనే అక్కడ గూడ ఎడమపక్క నడుపుడే, స్టీరింగ్ కుడిపక్కనే. మన లైసెన్సు చూపిస్తే కారిచ్చిన్రు. దీవి మొత్తం ఈ కొస నుంచి ఆ కొసకు అరవై అయిదు కిలోమీటర్లు గూడ దాటది, ఫోన్ల మ్యాప్ ఉంటది. ఎక్కడ నచ్చితే అక్కడ ఆపినం, తిన్నం, మళ్ల ఎక్కినం. ఒకడొచ్చి గంటల చొప్పున మనల్ని తోలుడేంది?

రాజమండ్రి రాణి
తమ్ముడూ, నలుగురు కుర్రాళ్ళ సంగతి వేరు. గోదారిగట్టు గారి డ్రైవింగు ఎవరు చేస్తారు? ఆయనే. షమరెల్ నుంచి కాజ్ నోయాల్ వైపు దిగే ఆ మెలికల రోడ్డులో స్టీరింగు పట్టుకున్న మనిషి చూసేది ముందు బండి వెనక భాగమే. దానికి తోడు ఆగస్టు అంటే చెరకు కోతల కాలం. సందు రోడ్ల నిండా చెరకు లారీలు.

అలాగని ప్రైవేటు టూరుకు దండం పెట్టేదాన్నీ కాదు. మేము తీసుకున్నది ప్రైవేటు బండే. పొద్దున్నే ఓడల బొమ్మల దుకాణానికి తీసుకెళ్ళాడు. సరే, మూడు తెరచాపల ఓడ, ఒక్కో తాడూ చేత్తో ముడేసి కడుతున్నారు, పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత వజ్రాలన్నాడు. ఆ తర్వాత కాష్మీరు శాలువాలట, మారిషస్‌లో! వద్దన్నాను. ఆ "వద్దు" తర్వాత మధ్యాహ్నం దాకా అతని నోట్లోంచి మాట ఊడిపడలేదు. షమరెల్ చేరేసరికి మబ్బు కమ్మేసింది, జలపాతం చప్పుడే తప్ప నీళ్ళు కనపడలేదు. డబ్బు మాది, దారి దుకాణాలది.

ట్రావెల్స్ అనుభవజ్ఞుడు
అమ్మా, ఇరవై ఏళ్ళు విశాఖలో ట్రావెల్స్ నడిపాను కాబట్టి ఆ డ్రైవరు తరఫున ఒక మాట. హోటలు కౌంటర్లో మీరు కట్టినదంతా అతని చేతికి రాదు. హోటలు ఇంత, ఏజెంటు ఇంత తీసుకున్నాక మిగిలిన దాంట్లో పెట్రోలు, బండి వాయిదా. ఆ లోటు దుకాణం కమీషనుతో పూడ్చుకుంటాడు. అరకులో కాఫీ పొడి కొట్టు ముందు బండి ఎందుకు ఆగుతుందో అక్కడా అందుకే ఆగుతుంది. ధర నేరుగా డ్రైవరుతో మాట్లాడుకుని, "దుకాణాలు వద్దు, ఆ కమీషను సంగతి ధరలోనే చూసుకో" అనండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

పటాన్‌చెరు పోరడు
గదే కదా నేన్జెప్పేది! డ్రైవరే లేకపోతే కమీషనే లేదు 😄

ఎబెన్‌లో విజయనగరం
నాకు ఇక్కడ మారిషస్‌లోనే, ఎబెన్‌లో ఉద్యోగం. ఊరి నుంచి వచ్చినవాళ్ళందరినీ తిప్పే పని నా నెత్తినే పడుతుంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మీరంతా బండి ఖరీదు గురించే మాట్లాడుతున్నారు. ప్రైవేటు టూరులో అసలు కొనుక్కునేది వరసను మార్చే వీలు. ఇక్కడి వాతావరణం తెలిస్తే ఇది అర్థమవుతుంది. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో ఎండ మండుతుంటే, గంటలోపు దూరంలో క్యూర్‌పిప్‌లో సన్నటి జల్లు. మధ్యలో పీఠభూమి, అయిదారు వందల మీటర్ల ఎత్తు. ఆగ్నేయం నుంచి వీచే గాలి సముద్రపు తేమను తెచ్చి అక్కడ దింపుతుంది. త్రూ ఓ సెర్ఫ్ అంచున నిలబడి బిలం బదులు తెల్లటి పొగమంచు చూసి తిరిగొచ్చినవాళ్ళు బోలెడుమంది. బస్సుకు ఇది పట్టదు. ఎనిమిదింటికి ఒక హోటలు, ఎనిమిదిన్నరకు ఇంకో హోటలు, అందరినీ ఎక్కించుకుని జాబితా ప్రకారం పోవాల్సిందే. మంచి డ్రైవరు మాత్రం పొద్దున మిమ్మల్ని ఎక్కించుకునే ముందే పైన ఎవరికో ఫోను చేసి మబ్బు ఉందో లేదో కనుక్కుంటాడు. ఉంటే జాబితా తలకిందులు: ముందు ల మోర్న్, తర్వాత షమరెల్, మధ్యాహ్నం తెరిపిచ్చాక గంగా తలావ్. రాణి గారి డ్రైవరు చేయాల్సిన పని అదే, చేయలేదు. మనిషి మంచివాడు కాకపోతే ప్రైవేటైనా ఒకటే, బస్సైనా ఒకటే. ఆమెతో అక్కడ నాకు పేచీ లేదు.

రెండోది, జాబితా కత్తిరించండి. ముసలివాళ్ళతో ఏడు చోట్లంటే ఏడుసార్లు ఎక్కీ దిగీ. ఓడల కార్ఖానా తీసేయండి. త్రూ ఓ సెర్ఫ్ మబ్బును బట్టి. రంగుల మట్టి ఫోటోల్లో ఎడారంత కనిపిస్తుంది గానీ రెండెకరాలు కూడా ఉండదు. అగ్నిపర్వతపు రాయి యుగాల తరబడి వానకు నాని చివికి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలి ఆ ఎరుపులూ ఊదాలూ వచ్చాయి. చుట్టూ కంచె, లోపలికి దిగనివ్వరు. పాపకు అక్కడున్న పెద్ద తాబేళ్ళే నచ్చుతాయి, చూడండి. ల మోర్న్ దగ్గర "నీళ్ళ కింద జలపాతం" చూపించమని చాలామంది అడుగుతారు. అది ఇసుక ఒంపులు కళ్ళను మాయ చేయడం, హెలికాప్టర్లోంచి చూస్తేనే కనిపిస్తుంది. ఒడ్డున నిలబడితే మామూలు సముద్రమే.

లెక్కల మాస్టారు
ఎబెన్ గారూ, వరస మార్చడం సరే. మరి గైడు? అతను చెప్పే మాటలకు విడిగా విలువ ఉందా? వికీపీడియాలో దొరకనిది ఏం చెబుతాడు?

ఎబెన్‌లో విజయనగరం
చోటును బట్టి. రంగుల మట్టి దగ్గర ఏమీ చెప్పనక్కర్లేదు. ల మోర్న్ దగ్గర చెప్పాలి. 556 మీటర్ల ఆ కొండ మీద పారిపోయిన బానిసలు తలదాచుకునేవారు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు పైకి వస్తుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు అంచు మీంచి దూకేశారని ఇక్కడి వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో జాబితాలో చేర్చింది ఆ చరిత్రకే గానీ అందానికి కాదు. బస్సు టూరులో అక్కడ ఇచ్చేది ఫోటోకు పదిహేను నిమిషాలు. ఆ కథను ఇంట్లో విని పెరిగిన క్రియోల్ డ్రైవరు, అంటే ఆ బానిసల సంతతివాడు, పక్కనుంటే మీరే ఆగిపోతారు.

గంగా తలావ్ కూడా అంతే. 108 అడుగుల శివుడి విగ్రహం రోడ్డు మీదికే కనిపిస్తుంది, దానికి గైడు అక్కర్లేదు. ఆ చెరువులోకి గంగనీళ్ళు 1972లో తెచ్చి కలిపారని, శివరాత్రికి జనం దీవి నలుమూలల నుంచీ కావళ్ళు మోసుకుంటూ నడిచే వస్తారని, తన చిన్నప్పుడు తండ్రి భుజాన ఎక్కి వచ్చానని ఒక మనిషి చెబితే వేరు.

రాజమండ్రి రాణి
అలాంటి డ్రైవరు ఎవరికి దొరుకుతాడండీ? మాకు దొరికినతను శివుడి ఎత్తు చెప్పి కారు దగ్గర సిగరెట్ వెలిగించుకున్నాడు. మీరు అక్కడే ఉంటున్నారు కాబట్టి ఎవరు మంచివాళ్ళో తెలుసు. హోటల్లో నాలుగు రోజులుండి పోయేవాళ్ళకు అది లాటరీ. లాటరీకి అంత డబ్బు పెట్టమనడం న్యాయం కాదు.

ట్రావెల్స్ అనుభవజ్ఞుడు
లాటరీ కాకుండా చేసుకోవచ్చు. ముందురోజు ఫోనులో ఒక్క ప్రశ్న అడగండి: "రేపు పైన వానొస్తే ఏం చేద్దాం?" "ఏం పర్లేదు సార్, అన్నీ చూపిస్తా" అంటే ఇంకొకరిని చూసుకోండి. అలాగే బీచ్‌లో సగం ధరకు వస్తామనే లైసెన్సు లేని బండ్లు, అక్కడ "టాక్సీ మారోన్" అంటారు, జోలికి పోవద్దు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కులో పడేది మీరే.

గోదారిగట్టు
అందరికీ థాంక్స్. ఇంకో చిక్కు ఉంది, ముందు రాయలేదు. మాది తాళ్ళరేవు వైపు. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ పోయినవాళ్ళ గురించి నాన్న చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చారు. ఆయనకు జలపాతమూ వద్దు, రంగుల మట్టీ వద్దు. రాజధాని పోర్ట్ లూయిస్‌లో కూలీలు దిగిన ఘాట్ చూడాలట. అది ఏ టూరు జాబితాలోనూ లేదు. హోటలు వాళ్ళను అడిగితే "అది నార్త్ టూరు సార్, వేరే రోజు" అంటున్నారు.

పటాన్‌చెరు పోరడు
అన్నా, గిది ముందే చెప్పాలె గదా. మేమైతే ఆ ఘాట్ ముంగటి నుంచే పోయినం, ఆపలే. పెద్దాయన కోసమైతే ఆపాలె.

ఎబెన్‌లో విజయనగరం
ఆప్రవాసీ ఘాట్. నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్ళండి. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా ఒప్పందం కూలీలు ఈ దీవికి వచ్చారు, ఎక్కువమంది మనవాళ్ళే: బీహారు, తమిళనాడు, మన తీరం, బొంబాయి వైపు. పడవ దిగి పదహారు మెట్లెక్కితే కొత్త బతుకు. ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మిగిలిన కట్టడాలు కొన్నే, అరగంటలో చుట్టేయవచ్చు. పక్కనే ప్రదర్శనశాల ఉంది, తీరిగ్గా చూస్తే ఇంకో గంట. తెలుగువాళ్ళను ఇక్కడ కోరింగీలు అనేవారు, మీ రేవు పేరుతోనే. ఉగాదికి దేశమంతా సెలవు. సింహాద్రి అప్పన్న పేరుతో పండగ చేస్తారు, మా జిల్లావాణ్ణి కాబట్టి ఆ సంగతి మొదట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఒక్కటి మాత్రం ఆశ పెట్టుకోవద్దు: తెలుగు డ్రైవరు దొరికితే తెలుగులో మాట్లాడతాడని. ఇంటిపేరు అప్పన్న అయినా ఇంట్లో మాట ఇక్కడి క్రియోల్ భాషే. బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలూ, రామభజనలూ ఉంటాయి. అదే పదివేలనుకోండి.

లెక్కల మాస్టారు
దక్షిణమూ పోర్ట్ లూయిసూ ఒకే రోజు అవుతాయా? ఆగస్టులో ఆరు కల్లా పొద్దు గుంకుతుంది కదా అక్కడ.

ఎబెన్‌లో విజయనగరం
అవుతాయి, ఏడు చోట్లూ చూడాలన్న పట్టు వదులుకుంటే. పొద్దున ఆఫీసుల వేళ దాటాక పోర్ట్ లూయిస్‌లో దిగండి, ముందు వెళ్తే ట్రాఫిక్‌లోనే తెల్లారుతుంది. ఘాట్, ప్రదర్శనశాల. అక్కడి నుంచి నడిచి సెంట్రల్ మార్కెట్టు, దోల్ పూరీ తినండి. ఉడికించి రుబ్బిన పప్పు లోపల, పలచగా ఒత్తి, కాయితంలో రెండేసి చుట్టి ఇస్తారు. తీపి లేని బొబ్బట్టే, అమ్మగారికి ఇబ్బందుండదు. కారం వేయవద్దని పాప కోసం ముందే చెప్పండి, వాళ్ళ పచ్చిమిరప పచ్చడి మన గుంటూరుకు తీసిపోదు. తర్వాత నేరుగా గంగా తలావ్, అక్కడి నుంచి అడవి మధ్యగా వ్యూపాయింటు మీదుగా షమరెల్. వెలుగుంటే ల మోర్న్. ఈ వరస ఏ బస్సూ ఇవ్వదు. ఏ హోటలు కౌంటరూ ఇవ్వదు. అందుకే నా ఓటు ప్రైవేటు బండికి, అదీ డ్రైవరుతో నేరుగా మాట్లాడుకున్నదానికే.

రాజమండ్రి రాణి
నా ఓటు ఇంకా సగమే. మీ జాబితా మీరే రాసుకుని, బండికెంత అని అడిగితే ప్రైవేటు. వాళ్ళ జాబితాకే అయితే బస్సే నయం, కనీసం కిటికీ పక్కన కూర్చుని నిద్రపోవచ్చు.

గోదారిగట్టు
నాన్నకు చదివి వినిపించాను. పదహారు మెట్లనగానే "ఎక్కనిస్తారా?" అని ఒకటే ప్రశ్న. మోకాళ్ళ మాట ఎత్తితే కసిరారు. ఇద్దరు డ్రైవర్లకు మెసేజ్ పెట్టి అనుభవజ్ఞుడు గారి వాన ప్రశ్న అడిగాను. ఒకతను "నో ప్రాబ్లం" అన్నాడు. రెండో అతను, ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తాను, అప్పుడు వరస ఖాయం చేద్దాం, పెద్దవాళ్ళకు స్వెట్టర్లు పెట్టుకోండి అన్నాడు. ధర మొదటతని కంటే కాస్త ఎక్కువే చెప్పాడు. బేరం ఆడనా, వద్దా?

ట్రావెల్స్ అనుభవజ్ఞుడు
ఆడొద్దు. పాపకు చైల్డ్ సీటు ఉందో లేదో మాత్రం ఇప్పుడే అడగండి.