గెస్ట్ లెక్చరర్లకు కావలసింది కౌన్సెలింగా, కొలువు భద్రతా?

చాక్‌పీస్: మా జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్లకు ఒత్తిడి తగ్గించుకోవడంపై ఒక పూట శిక్షణ పెట్టారు. శ్వాస మీద ధ్యాస, సానుకూల ఆలోచన, అన్నీ చెప్పారు. జూన్‌లో మళ్లీ తీసుకుంటారా అని ఒకరు అడిగితే మాత్రం, అది తమ చేతిలో లేదన్నారు. పీరియడ్ల లెక్కన జీతం, వేసవిలో అదీ ఉండదు. బ్యాంకు అప్పివ్వదు. పెళ్లిచూపుల్లో పేరుకన్నా ముందు "పర్మినెంటేనా?" అని అడుగుతారు. ఇలాంటి చోట కౌన్సెలింగ్ దండగ. తప్పంతా మన మనసుదే అని నమ్మించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

కృష్ణాతీరం: అంత తీసిపారేయకండి. నిద్రపట్టని మనిషిని జీవో వచ్చేదాకా ఆగమంటారా? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అయినా పర్మినెంట్ వాళ్లకు దిగులు లేదా? బదిలీల దెబ్బకు మా అన్నయ్య ఎలా కుంగిపోయాడో నేను చూశాను.

లెక్కల మాస్టారు: దిగులు అందరికీ ఉంటుంది. ఇక్కడ తినేసేది ఎదురుచూపు. లండన్ ప్రభుత్వోద్యోగులపై 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనం సాగుతుండగా, ఒక శాఖను ప్రైవేటుకు అప్పగిస్తారని తేలింది. మార్పు ఇంకా జరగకముందే, మిగతావారితో పోలిస్తే ఆ శాఖవారి ఆరోగ్యం దిగజారినట్టు 1995లో ప్రచురించారు. ఉద్యోగం పోతే ఏడ్చి వేరే దారి చూసుకుంటాం. పోతుందో ఉంటుందో తెలియనివాడు ఏడవనూ లేడు, దారి మార్చుకోనూ లేడు. మన గెస్టులకు మే నెల గడిచేది ఇలాగే.

అశోక్‌నగర్ పాతకాపు: అయితే అందరినీ పర్మినెంట్ చేసేయాలా? 2006 నాటి ఉమాదేవి తీర్పులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏమంది? నిబంధనల ప్రకారం ఎంపిక కానివారికి క్రమబద్ధీకరణ హక్కు కాదంది. ఆ పోస్టుల నోటిఫికేషన్ కోసం హాస్టల్ గదుల్లో ఏళ్ల తరబడి చదువుతున్న మా మనసుల సంగతి ఎవరికీ పట్టదు! డెన్మార్క్‌లో ఉద్యోగంలోంచి తీసేయడం సులువే, కానీ బీమా ఉన్నవారికి రెండేళ్ల దాకా భృతి అందుతుంది. అడగాల్సింది అది.

చాక్‌పీస్: మన దగ్గరా ఉంది, ఉద్యోగుల బీమా అయిన ఈఎస్‌ఐలో 2018లో తెచ్చిన నిరుద్యోగ భృతి పథకం. సగటు వేతనంలో సగం, 90 రోజులకు మించకుండా, జీవితంలో ఒక్కసారి. గెస్టుకు ఉద్యోగం ఏటా పోతుంది మరి! పైగా జీతం 21 వేలు దాటితే ఈఎస్‌ఐయే వర్తించదు. సరే, పర్మినెంట్ మాట పక్కన పెడదాం. కొనసాగిస్తారో లేదో ఏప్రిల్‌లోనే కాగితం మీద చెప్పాలి. వేసవికి కనీసం సగం జీతం ఇవ్వాలి. వీటికి ఏ తీర్పూ అడ్డురాదు.

కృష్ణాతీరం: దీనికి ఒప్పుకుంటాను, కౌన్సెలింగ్ దండగ అన్న మాటకు కాదు. మా కాలేజీలో "ముందు వీళ్లకు కొనసాగింపు తేదీ చెప్పండి" అని ప్రిన్సిపాల్‌కు రాసిచ్చింది కౌన్సెలరే. ఆమెదీ ఔట్‌సోర్సింగ్ ఉద్యోగమే, అది వేరే సంగతి.

అశోక్‌నగర్ పాతకాపు: వేసవి జీతం అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతాను. క్రమబద్ధీకరణ అని ఒక్క ముక్క కలిపినా పెట్టను.